ఆరించుల ఆరు సూత్‌లు

2024 ఏప్రిల్ 8, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు మా అన్న ఆంథోని ఇనుప పలక మీద గీత గీయలేకపోయాడు.

పలక మందం ఆరు మిల్లీమీటర్లు. జూలూరుపాడు మెయిన్ రోడ్డు మీద మా షాపులో, రెండు స్టాండ్ల మీద పరిచి ఉంది. ఆయన కుడిచేతిలో గీత గీసే ఉక్కు పుల్ల, ఎడమచేతి కింద స్కేలు. మూడుసార్లు గీశాడు. మూడూ వంకరపోయాయి. నాలుగోసారి పుల్ల పక్కన పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. అన్నం వేళ కాకుండా ఆయన చేతులు కడుక్కోవడం అంతకుముందు నేను చూడలేదు.

"అన్నా, నువ్వు కొలత చెప్పు, నేను గీస్త" అన్నాడు పగిడయ్య. పగిడయ్య మా షాపులో వెల్డర్.

"నిరుడు గేటుకు గీసినవ్ కద. ఆ గేటు ఇప్పటికీ వచ్చేటోళ్ళకు వంగి దండం పెడుతున్నది."

పగిడయ్య నవ్వాడు. అన్న నవ్వలేదు.

అన్న కొత్తగూడెంలో బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టర్. రిటైరయ్యాక ఇంటి ముందు షట్టర్ వేసి ఈ షాపు పెట్టాడు. గేట్లు, గ్రిల్స్, మెట్లు. కొలతా గీతా ఆయనవి, గ్యాస్ కటింగూ వెల్డింగూ పగిడయ్యవి. గీత లేకపోతే కోత లేదు. కోత లేకపోతే వెల్డింగ్ లేదు. నేను అన్నా వదినల దగ్గరే ఉంటాను. ఇరవై రెండేళ్ళుగా ఒక పత్రికకు ఈ మండలం వార్తలు రాస్తున్నాను.

ఖమ్మంలో డాక్టరు చెప్పింది రెండే మాటలు. ఈ చేతి వణుకుతో ప్రాణానికి ప్రమాదం లేదు. ఇది తగ్గదు. గ్లాసు పట్టుకుంటే తెలియదు, సన్న పని పెట్టుకుంటే తెలుస్తుంది.

ఆ పలక పక్క తండాలోని మంగీలాల్ ఇంటి మెట్లది. కొత్త స్లాబు ఇల్లు. పైకి వెళ్ళడానికి వెదురు నిచ్చెన ఒకటే ఉంది. మంగీలాల్ భార్య ద్వాలికి మోకాళ్ళ నొప్పి. నాలుగు నెలలుగా ఆమె తన ఇంటి స్లాబు చూడలేదు. కొలతలకు వెళ్ళినరోజు అన్న ఆమెను వాకిట్లో నిలబెట్టి, కాలి ముందు చెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"ఎక్కమ్మా."

"ఎక్కిన."

ఇంకో చెక్క పెట్టాడు. "ఇప్పుడు?"

"ఎక్కుత గని, మోకాలు పట్టుకుంటది అన్నా."

సన్న చెక్క ఒకటి తీశాడు. ఆమె ఎక్కి దిగింది. "గిట్లుంటే దినాం పదిసార్లు ఎక్కుత" అంది. అన్న పేర్చిన ఎత్తు కొలిచాడు. ఆరించుల ఆరు సూత్‌లు. ఇంచులో ఎనిమిదో వంతును మా దగ్గర పనివాళ్ళు సూత్ అంటారు. వాకిలి నుంచి స్లాబు పైదాకా పదకొండు అడుగుల మూడించులు. ఇరవై మెట్లు సరిగ్గా సరిపోతాయి.

వానలు పడేలోపు బిగిస్తానని అన్న మాటిచ్చాడు. ఆ తర్వాత నాలుగో రోజు ఆయనకు గీత రాలేదు.

అదే వారం టైల్స్ వ్యాపారి ఒకాయన వచ్చి షట్టర్ కిరాయికి అడిగాడు. మే నెలాఖరుకు చెప్తానన్నాడు అన్న. పగిడయ్య ఆ మాట విన్నాడు. సాయంత్రం దాకా పాత గ్రిల్స్‌కు రంగు వేశాడు.

ఖమ్మంలో లేజర్‌తో పలకలు కోసే వర్క్‌షాపు ఉందని నేనే చెప్పాను. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఫైలు పంపండి సార్, కోసి పెడతం" అన్నాడు అవతలి మనిషి.

"ఫైలంటే?" అన్నాడు అన్న.

"కంప్యూటర్ల గీసింది."

అన్న ఫోన్ వైపు కాసేపు చూశాడు. "నేనే నేర్చుకుంట" అన్నాడు.

ఏది నేర్చుకోవాలో కూడా ఆయనే తేల్చాడు. కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో ఇంజినీర్లు వాడినదే కావాలన్నాడు. కొత్తగూడెంలో దాన్ని నేర్పే సెంటర్ ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ పేరుగానీ, తర్వాత వచ్చినదాని పేరుగానీ ఇక్కడ రాయడం లేదు. రాస్తే ప్రకటన అవుతుంది.

ఏప్రిల్ 15 నుంచి రోజూ ఉదయం ఏడు గంటల క్లాసుకు అన్నను బండి మీద తీసుకెళ్ళాను. పక్కనే కూర్చున్నాను. ఎనిమిదిన్నరకు బయటపడి ఎన్నికల వార్తలకు వెళ్ళేవాణ్ణి. క్లాసులో మిగతావాళ్ళంతా ఇరవై ఏళ్ళవాళ్ళు. నల్లటి తెర, దాని మీద అడ్డం నిలువు రెండు సన్న గీతలు. మౌస్ కదిలితే అవి కదులుతాయి. అన్న మౌస్ పట్టుకుంటే ఆ గీతలు వణికాయి. ఆయన చేతిలో ఉన్న వణుకు తెర మీద ఇంకా పెద్దగా కనిపించింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న తిరిగి చూడలేదు.

పన్నెండు క్లాసుల్లో ఆయన ఒక చతురస్రం గీశాడు. నాలుగో మూల కలవలేదు.

నేర్పే అమ్మాయి పేరు అరుణశ్రీ. వయసు ముప్పై లోపే. పన్నెండో రోజు క్లాసయ్యాక ఆమె, "అంకుల్, మీ షాపు చూడొచ్చా?" అని అడిగింది. ఏప్రిల్ 28, ఆదివారం, మేము చర్చి నుంచి వచ్చేసరికి ఆమె స్కూటీ షట్టర్ ముందు ఉంది.

షాపు నేల మీద మంగీలాల్ మెట్లు గీసి ఉన్నాయి. సుద్దముక్కతో, అసలు సైజులో. కంపెనీ వర్క్‌షాపులో అన్న నేర్చుకున్న పద్ధతి అది. ఏం చేయాలన్నా ముందు నేల మీద అంతే పెద్దగా గీయాలి, దాని చుట్టూ తిరగాలి, అవసరమైతే దాని మీద నిలబడాలి. సుద్ద గీత లావు. అందులో వణుకు కలిసిపోతుంది. ఇనుము మీద గీత అట్లా కుదరదు. మొదటి మెట్టు పక్కన సుద్దతోనే 6.6 అని రాసి ఉంది. అరుణశ్రీ చూసింది. నేనూ చూశాను.

"మీరెప్పుడన్న కాగితం మీద గీసిన్రా అంకుల్?"

"కాగితం ఎందుకు బిడ్డా? మెట్లు కాగితం మీద ఎక్కుతరా?"

ఆమె నేల మీది మెట్ల పక్కన కూర్చుంది. మూడు ప్రశ్నలు అడిగింది. ఏమేం చేస్తారు? గీసింది ఎవరు చదవాలి? రోజుకు ఎంతసేపు కూర్చోగలరు?

"గేట్లు, మెట్లు, రేకు పని. చదివేది గీ పగిడయ్యే. కూసునుడంటే గంట. అంతకన్న నడుము ఒప్పదు."

"పగిడయ్యన్నకు డ్రాయింగ్ చదవొస్తదా?"

"నాకు బస్సు బోర్డు చదవొస్తది మేడమ్" అన్నాడు పగిడయ్య.

ఆమె నవ్వి, అన్న వైపు తిరిగింది. "అంకుల్, నేను మీకు ఇంకో రెండు నెలలు నేర్పొచ్చు. రాదు. మీకు తెలివి లేక కాదు. అది ఇంజినీరు ఇంకో ఇంజినీరుకు చెప్పుకునేటందుకు చేసింది. మీరు వస్తువును చూస్తరు, గీతను చూడరు. మీకు వేరేది కావాలె."

తన ల్యాప్‌టాప్ తెరిచింది. తెల్లటి తెర మీద లేత గళ్ళు. పక్కన ఎర్ర డబ్బా, నీలం డబ్బా, పచ్చ గొట్టం. డబ్బాను లాగి గళ్ళ మీద పెట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు అంకెలు కొట్టాలి. డబ్బాను ఏ వైపు నుంచైనా తిప్పి చూడొచ్చు.

"ఇది పిల్లలది కాదా?" అన్నాడు అన్న.

ఆమె దాచలేదు. "అవ్ అంకుల్. ఆరో తరగతి పిల్లలకు దీంతోనే మొదలుపెడతం. కాని కొలత పక్కాగా ఉంటది. పక్కనుంచి చూసిన ఆకారాన్ని ఖమ్మం మిషన్‌కు పంపొచ్చు."

అన్న లేచాడు. "ముప్పై నాలుగేళ్ళు పని చేసినోన్ని ఆరో తరగతిల కూసుండబెడ్తవా బిడ్డా" అన్నాడు. మాట పెద్దగా లేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

అరుణశ్రీ నొచ్చుకోలేదు. మా ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కు ఖాతా తెరిచింది. ఒక కాగితం మీద నాలుగు పనులు వరసగా రాసి వదిన సంపూర్ణ చేతికిచ్చింది. డబ్బా లాగడం, అంకె కొట్టడం, తిప్పి చూడడం, పంపడం. "ఆంటీ, అంకుల్‌కు కోపం తగ్గినంక ఇవ్వండి" అని చెప్పి వెళ్ళింది.

కోపం మూడు వారాలు తగ్గలేదు. మే 13న పోలింగ్ అయిపోయింది. నాకు తీరిక దొరికింది. మంగీలాల్ రెండుసార్లు ఫోన్ చేశాడు. అన్న తీయలేదు. నేను ఒక పని చేశాను. పన్నెండు క్లాసులు పక్కన కూర్చుని విన్నది నాకు కొంత వచ్చింది. నేల మీది సుద్ద అంకెలు రాసుకుని, ఆ పెద్ద సాఫ్ట్‌వేర్‌లో నా పని ల్యాప్‌టాప్ మీద, మెట్లను రెండు పక్కలా మోసే పలకలు నేనే గీశాను. నాలుగు రోజులు పట్టింది. ఎత్తు 6.6, వెడల్పు 10, ఇరవై సార్లు. చూడ్డానికి బాగుంది. అన్నకు చూపించలేదు. కోసిన పలకలు తెచ్చి ముందు పెడితే సంతోషిస్తాడని అనుకున్నాను.

మే 21, మంగళవారం, ఉదయం పది గంటలకు ఖమ్మం పంపాను.

అదే రోజు ఉదయం, నేను ఫైలు పంపకముందే, ఇంట్లో ఇంకోటి జరిగింది. వదిన ఉప్మా పళ్ళెం అన్న ముందు పెట్టి, పక్కనే ల్యాప్‌టాప్ పెట్టింది.

"ఏందిది?"

"నీ ఆరో తరగతి."

"తీసెయ్."

వదిన తీయలేదు. ఎదురుగా కూర్చుంది. "కంపెనీల చేరిన కొత్తల నీకు ఏం పనిచ్చిన్రు?"

"ఏం పనిస్తరు. ఇనుప దిమ్మ ఇచ్చి ఆకురాయితో సాపు చేయమన్నరు."

"ఎన్ని దినాలు?"

అన్న ఉప్మా కలుపుతూ ఉన్నాడు.

"మూడు నెలలు. పెండ్లైన కొత్తల నువ్వే చెప్పినవ్. అరచేతులు పొక్కులు తేలినయంటివి. దిమ్మ ఆరు దిక్కులా సమానంగ వచ్చేదాక ఇంకో పనిముట్టు ముట్టనీయలేదంటివి. అప్పుడు నామోషీ కాలేదు. ఇప్పుడెందుకయ్యా?"

"అప్పుడు ఇరవై ఆరేండ్లు."

"ఇప్పుడు గూడ కొత్తనే కద. చేతికి అరవై మూడు. పనికి మొదటి దినం."

వదిన ఆ కాగితం ల్యాప్‌టాప్ మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. నేను బండి తీసుకుని బయటికి వెళ్ళాను. ఆయన ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలియదు.

సాయంత్రం నాలుగు గంటలకు తిరిగి వచ్చాను. అన్న షాపులో, రేకు డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాడు. పగిడయ్య వెనక నిలబడ్డాడు. తెర మీద ఒక పెద్ద నీలం డబ్బా. దాని పక్కన చిన్న ఎర్ర డబ్బాలు, ఒకదానికన్నా ఒకటి ఎత్తుగా. పంతొమ్మిది అయ్యాయి. ఆయన ఇరవయ్యోది లాగుతున్నాడు.

చెయ్యి వణుకుతోంది. డబ్బా వణకడం లేదు. అది ఒక గడి నుంచి ఇంకో గడికి దూకి, అక్కడ ఆగుతోంది. చెయ్యి కొంచెం అటూ ఇటూ పోయినా డబ్బా గడి వదలడం లేదు. అన్న మౌస్ వదిలాడు. డబ్బాను చూశాడు. తన చేతిని చూశాడు. మళ్ళీ మౌస్ పట్టుకున్నాడు.

"పొద్దటి సంది గిదే పని" అన్నాడు పగిడయ్య నాతో. "అన్నం గూడ ఈడికే తెప్పిచ్చుకున్నడు."

"నోరు మూసుకోరా. జయరాజూ, ఇటు రా. ఈ కంప్యూటర్ తప్పు."

"ఏమైంది?"

"గీ నీలంది మంగీలాల్ ఇల్లు. పదకొండడుగుల మూడించులు, అంటే నూట ముప్పై అయిదించులు. కొట్టిన. గివి ఇరవై మెట్లు. ఆఖరి మెట్టు స్లాబుకు అందుతలేదు. చూడు."

బొమ్మను పక్కకు తిప్పాడు. పై మెట్టుకూ స్లాబుకూ మధ్య సందు కనిపించింది. ఆయన ఒక పచ్చ డబ్బా తీసుకుని, మూడించుల ఎత్తు కొట్టి, ఆ సందులో పెట్టాడు. సరిగ్గా పట్టింది.

"మూడించులు తక్కువ" అన్నాడు. "మెట్టుకు ఎంత కొట్టినవ్ అంటవా, నేల మీద ఉన్నదే కొట్టిన. ఆరు, చుక్క, ఆరు."

"కంప్యూటర్ తప్పు చేయదన్నా."

"మరి నేను చేసిన్నా? ఆ యమ్మ కాలు ముందు చెక్కలు పెట్టి కొలిచిన."

అన్న పెదవులతో లెక్క వేశాడు. ఇరవై మెట్లకు మూడించులు. మెట్టుకు సూత్ కన్నా కొంచెం ఎక్కువ. సుద్దముక్క తీసుకుని నేల మీది 6.6 దగ్గర కూర్చున్నాడు. రెండో ఆరు కింద గీత పెట్టాడు.

"దీనికి సూత్ తెలువది" అన్నాడు. "మనకు ఇంచుకు ఎనిమిది. దానికి పది. ఆరు సూత్‌లు అంటే ముప్పావు ఇంచు. చుక్క తర్వాత ఏడు, అయిదు కొట్టాలె."

వర్క్‌షాపుల్లో ముప్పై ఏళ్ళు అందరూ ఆ చుక్క అట్లాగే పెట్టారు, అందరూ అట్లాగే చదివారు. ఆరు, చుక్క, ఆరు అంటే ఆరించుల ఆరు సూత్‌లు. అరుణశ్రీ ఆ అంకె చూసింది, అడగలేదు. నేను చూసి, రాసుకుని, ఇరవై సార్లు కొట్టాను. నా ఫైల్లో ఇల్లు లేదు. మెట్లు మాత్రమే ఉన్నాయి. అందుకని సందు కనిపించలేదు.

"అన్నా" అన్నాను. "నేను ఒక ఫైలు పంపిన."

"ఏం ఫైలు?"

చెప్పాను.

"ఎంత కొట్టినవ్?"

"ఆరు, చుక్క, ఆరు."

"ఎప్పుడు పంపినవ్?"

"పొద్దున పదింటికి."

ఆయన నన్ను తిట్టలేదు. "జల్దీ ఫోన్ కొట్టు" అన్నాడు.

మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తలేదు. మూడోసారికి ఎత్తాడు. మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"జూలూరుపాడు మెట్లా? మీది సాయంత్రం బ్యాచ్ సార్. ఇంకో అరగంటల ఎక్కిస్తం."

"ఎక్కియ్యకు. అది తప్పు ఫైలు."

"మరి సరైనది ఎప్పుడు పంపుతరు?"

నేను అన్న వైపు చూశాను. "రేపు" అన్నాడు. "నేను పంపుత."

ఫోన్ పెట్టేశాను. అన్న ల్యాప్‌టాప్ ముందుకు వెళ్ళి కూర్చున్నాడు. మొదటి డబ్బా ఎత్తు మార్చాడు.

"విలేకరివి కద" అన్నాడు తెర చూస్తూనే. "అడగకుంట రాస్తరా ఎవరన్న?"

నేను నా ఫైలు తుడిచేశాను.

మర్నాడు, మే 22న, మధ్యాహ్నం రెండు గంటలకు అన్న ఫైలు వెళ్ళింది. పంపేముందు అరుణశ్రీతో ఫోన్‌లో మాట్లాడాడు. పక్క నుంచి ఆకారం తీయడం ఆమె చెప్పింది, ఆయన చేశాడు. అయిపోయాక, "బిడ్డా, ఆదివారం అన్నానికి రా" అన్నాడు. "ఆరో తరగతి పాసైన."

మే 26న ఆమె వచ్చింది. వదిన కోడికూర, బగారా అన్నం చేసింది. నేల మీది సుద్ద అంకె ఆమెకు చూపించాను. చాలాసేపు చూసింది. "నేను అడగాల్సింది" అంది. "నేనూ" అన్నాను. అన్న ఇద్దరినీ అన్నానికి పిలిచాడు.

మా ఇంట్లో తినేముందు ప్రార్థన చేస్తాం. వదిన కళ్ళు మూసుకుంది. "ఈ ఆహారాన్ని బట్టి స్తోత్రం ప్రభువా. అరుణశ్రీ బిడ్డను బట్టి స్తోత్రం" అంది. తన పేరు వినగానే అరుణశ్రీ కళ్ళు తెరిచింది. నేను చూస్తుంటే మళ్ళీ మూసుకుంది.

అన్న అందుకున్నాడు. "నాకు రానిది నాకు రాదని నిజం చెప్పిన బిడ్డను బట్టి స్తోత్రం. ఖమ్మంల మిషన్ ఆపినందుకు స్తోత్రం. మా తమ్మునికి అడిగే బుద్ధి ఇయ్యి."

"ఆమెన్" అంది వదిన. పగిడయ్య అందరికన్నా గట్టిగా అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో నా వార్తల మీద వచ్చిన సవరణలు తొమ్మిది. ఆ తొమ్మిది తప్పుల్లో ఏదీ అచ్చుకు ముందు ఆగలేదు. ఇది ఆగింది. ఆపినవాళ్ళు ముగ్గురు. పెద్దది కాదు, తగినది కావాలని చెప్పిన అరుణశ్రీ. ఉప్మా పళ్ళెం పక్కన ల్యాప్‌టాప్ పెట్టిన వదిన. అరవై మూడేళ్ళకు ఎర్ర డబ్బాలు పేర్చడానికి కూర్చున్న అన్న. ముగ్గురికీ నేను ఋణపడి ఉన్నాను.

మే 31న టైల్స్ వ్యాపారి ఫోన్ చేశాడు. షట్టర్ ఇవ్వడం లేదని అన్న చెప్పాడు.

జూన్ 10, సోమవారం, మెట్లు తండాకు తీసుకెళ్ళి బిగించారు. పగిడయ్య వెల్డింగ్ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అన్న పై మెట్టు మీద రేకు ముక్క పెట్టి స్లాబు మీదికి జరిపాడు. ఎక్కడా తట్టలేదు.

ద్వాలి కింద నిలబడి ఉంది.

"ఎక్కమ్మా" అన్నాడు అన్న.

"కదలది కద అన్నా?"

"పగిడయ్య ఎక్కిండు, నేను ఎక్కిన. ఇద్దరం కలిసి నీకన్న బరువే."

ఆమె కమ్మీ పట్టుకుని ఎక్కింది. పన్నెండో మెట్టు మీద ఒకసారి ఆగింది. మంగీలాల్ రాబోతే వద్దంది. పైకి చేరాక చాలాసేపు కనిపించలేదు. స్లాబు అవతలి అంచు నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఓ అన్నా! ఈడికెళ్ళి మా చేను మొత్తం కనపడుతున్నది!"

మధ్యాహ్నం రెండుంబావుకు ఆమె తనంతట తనే దిగింది.

జూన్ 28, శుక్రవారం, అన్న రెండో ఫైలు ఖమ్మం పంపాడు. ఒక స్కూలు గేటుది. అది వెళ్ళిందని సాయంత్రం పగిడయ్య చెబితే నాకు తెలిసింది.